బంతి లేని నలుగురు

2004 ఆగస్టులో ఎం.ఎస్. చదువు కోసం అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరేనాటికి నాకు బాస్కెట్‌బాల్ గురించి తెలిసింది చాలా తక్కువ. విశాఖలో మేము చదివిన కాలేజీలో ఒక సిమెంటు కోర్టు ఉండేది. దాని రెండు రింగులకూ వలలు లేవు, ఒక రింగు ముందుకు వంగిపోయి ఉండేది, సాయంత్రమైతే మేము ఆ కోర్టులోనే టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుకునేవాళ్ళం. అలాంటి నేను ఆ చలికాలంలో పేర్లన్నీ కంఠస్థం చేసి, ఒక కాలేజీ జట్టు ఓడిపోయిందని అన్నం మానేసే స్థితికి ఎలా వచ్చానో ఇరవై ఏళ్ళు దాటాక కూడా నాకు పూర్తిగా అర్థం కాదు. అయినా ఆ సీజన్‌ను ఒకసారి మొదటినుంచి చివరిదాకా కాగితం మీద పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అర్బానా, షాంపేన్ అనేవి ఒకదానికొకటి అంటుకుని ఉండే రెండు ఊళ్ళు. వాటి మధ్యలో విశ్వవిద్యాలయం, చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలు. ఒకపక్క సముద్రం, మరోపక్క కొండ ఉండే ఊరినుంచి వెళ్ళినవాడికి ఆ చదును నేల మీద కన్ను ఎక్కడ ఆనించాలో తెలిసేది కాదు. క్యాంపస్‌కు దక్షిణాన, పార్కింగ్ మైదానాల నడుమ, ఒక పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించినట్టు కనిపించే కాంక్రీటు కట్టడం ఒక్కటే దూరంనుంచి ఆనవాలుగా నిలిచేది. అది 1963లో తెరిచిన అసెంబ్లీ హాల్. లోపల స్తంభమన్నది లేకుండా పదహారు వేలమందికి పైగా కూర్చోగల బాస్కెట్‌బాల్ మందిరమని తెలిసేదాకా నేను దాన్ని ధాన్యం నిలవచేసే గోదాము అనుకున్నాను. ఈ మాట అక్కడివాళ్ళతో అనలేదు లెండి.

మా అపార్ట్‌మెంటులో నలుగురం ఉండేవాళ్ళం. అందులో పెద్దవాడు పీహెచ్.డి. చేస్తున్న వరంగల్ అన్న. తన ఇంజినీరింగ్ రోజుల్లో కాలేజీ జట్టుకు ఆడినవాడు కావడంతో, మిగతా ముగ్గురం క్రికెట్ స్కోర్ల కోసం కంప్యూటర్ ముందు కూర్చుంటే అన్న మాత్రం ఊరిపత్రిక క్రీడల పేజీని మడిచి పట్టుకుని తిరిగేవాడు. సీనియర్లు ఊరు వదిలి వెళ్తూ ఇచ్చిపోయిన టీవీ ఒకటి మాకుండేది. దానికి కేబుల్ లేదు. కొమ్ముల యాంటెన్నాను కిటికీ వైపు తిప్పితే సీబీఎస్ వచ్చే మూడో నంబరు ఛానెల్ ఒక్కటే సరిగ్గా కనబడేది. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, మార్చి నెలలో జరిగే జాతీయ టోర్నమెంటు అంతా ఆ ఛానెల్‌లోనే వచ్చేది కాబట్టి, కేబుల్ ఉన్నవాళ్ళు కూడా చివరికి మాతో సమానమయ్యారు.

డిసెంబరు 1న వేక్ ఫారెస్ట్ జట్టు మా ఊరికి వచ్చింది. అప్పటికి దేశంలో మొదటి ర్యాంకు వాళ్ళదే. తరవాతి కాలంలో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగు ఎన్.బి.ఎ.లో దిగ్గజమైన క్రిస్ పాల్ ఆ జట్టులోనే ఉన్నాడు. టికెట్ల మాట ఎత్తే స్తోమత మాకు లేదు. అన్న బలవంతం మీద నేను అసైన్‌మెంటు వదిలేసి, విద్యార్థుల యూనియన్ భవనంలో పెద్ద టీవీ ముందు నేలమీద కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు నా తల బంతితోపాటు అటూ ఇటూ తిరగడం తప్ప నాకేమీ అర్థం కాలేదు. అది గమనించి అన్న నా భుజం తట్టి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "తమ్మీ, బాల్‌ను చూడకు. బాల్ ఎవని చేతిలుంటే ఏంది? బాల్ లేనోళ్ళు నలుగురు ఏం జేస్తున్నరో చూడు."

చూశాను. మొదట ఏమీ కనబడలేదు, కాసేపటికి కనబడింది. ఒకడు తనకు బంతి రాదని తెలిసికూడా బాణంలా రింగు కిందికి పరుగెత్తి తనతోపాటు ఒక ప్రత్యర్థిని లాక్కుపోతున్నాడు. అతను ఖాళీ చేసిన చోటికి మరొకడు జారుతున్నాడు. పొడవాటివాడొకడు కదలని గుంజలా నిలబడి, తన వెనకనుంచి వచ్చే తనవాడికి దారి, వాడిని వెంబడించేవాడికి అడ్డుగోడ అవుతున్నాడు. బంతి మూడు చేతులు మారి నాలుగో చేతికి చేరేసరికి ఆ నాలుగోవాడి దగ్గర ఎవ్వరూ లేరు. దాన్ని మోషన్ అఫెన్స్ అంటారని అన్న చెప్పాడు. ఆ రాత్రి ఇల్లినాయ్ 91-73తో గెలిచింది. తరవాతి వారం ర్యాంకింగుల్లో మొదటి స్థానానికి చేరి, మార్చిదాకా అక్కడినుంచి కదలలేదు.

ఆ ఐదుగురి గురించి చెప్పాలి. టెక్సస్‌నుంచి వచ్చిన డెరాన్ విలియమ్స్ జట్టుకు మెదడు. బలమైన భుజాలు, తొందరలేని నడక, ఎవరు ఎక్కడికి రాబోతున్నారో వాళ్ళకంటే ముందే తెలిసినవాడి చూపు. షికాగో శివారు మేవుడ్ కుర్రాడు డీ బ్రౌన్ దానికి పూర్తి విరుద్ధం. తలకు పట్టీ, మోకాళ్ళదాకా మేజోళ్ళు, నోట్లో నారింజ రంగు మౌత్‌గార్డు, ఇవన్నీ వేసుకుని కోర్టు ఈ చివరినుంచి ఆ చివరికి అతను పరుగెత్తుతుంటే తక్కినవాళ్ళు నిలబడిపోయినట్టు ఉండేది. షికాగోకే చెందిన లూథర్ హెడ్ తక్కువ మాట్లాడి ఎక్కువ దూరంనుంచి బంతి వేసేవాడు. ఈ ముగ్గురూ గార్డులే, అంటే బయటినుంచి బంతిని నడిపేవాళ్ళు. లోపల, రింగు దగ్గర, జేమ్స్ అగస్టీన్, రోజర్ పొవెల్. ఈ పొవెల్ చర్చిలో బోధనలు కూడా చేసేవాడు కనుక ఊళ్ళో అతన్ని 'రెవరెండ్' అనేవారు. తన ఎత్తుకు మించినవాళ్ళతో రింగు కింద తలపడుతూ ఎప్పుడూ నవ్వుతూ కనిపించేవాడు.

కోచ్ బ్రూస్ వెబర్ కథ మన ప్రభుత్వ శాఖల బదిలీల్లా ఉంటుంది. 2003లో నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయం కాన్సస్‌నుంచి రాయ్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. ఖాళీ అయిన కాన్సస్ కుర్చీలోకి ఇల్లినాయ్ కోచ్ బిల్ సెల్ఫ్ వెళ్ళాడు. ఇల్లినాయ్ కుర్చీలోకి సదరన్ ఇల్లినాయ్ అనే చిన్న కాలేజీనుంచి వెబర్ వచ్చాడు. బొంగురు గొంతు, పెద్ద పేరు లేని మనిషి. ఆయన మొదటి ఏడాదంతా జనం పాత కోచ్‌తో పోల్చుతూ మాట్లాడితే విసుగెత్తి, ఒకరోజు నల్లదుస్తులతో వచ్చి పాత కోచ్ ప్రస్తావనకు అంత్యక్రియలు జరిపేశానని ప్రకటించాడట. నేను వెళ్ళేసరికి ఆ మాట చెప్పుకుని నవ్వుకునే దశకు ఊరు చేరుకుంది. ఆటగాళ్ళలో చాలామందిని తెచ్చింది మాత్రం పాత కోచ్ అన్నది అందరికీ తెలుసు. వాళ్ళచేత ఇలా ఆడించింది వెబర్ అని అన్న వాదన. నాదీ అదే మాట.

జనవరి మొదటి వారం. సెలవులకు కుర్రాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోయి క్యాంపస్ మంచు కింద మూగబోయి ఉంది. నా ల్యాబులోని అమెరికన్ సహాధ్యాయి తాను రాలేనంటూ తన టికెట్ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఒహాయో స్టేట్‌తో ఆట. మా వాళ్ళిచ్చిన రెండు స్వెటర్లు, దానిమీద కోటు, దానిమీద ఎవరిదో అప్పు తెచ్చుకున్న నారింజ రంగు టీషర్టు తొడుక్కుని, చెట్టన్నది లేని ఆ మైదానాల మీదుగా ఎదురుగాలిలో నడిచాను. లోపలికి అడుగుపెట్టగానే మొదట తగిలింది వెచ్చదనం, పాప్‌కార్న్ వాసన. ఆ తరవాత రంగు. వేలమంది ఒకే నారింజ రంగులో గుండ్రంగా, ఎత్తుగా, ఆ కాంక్రీటు గిన్నె అంచుదాకా నిండి ఉన్నారు. నా సీటు దాదాపు కప్పుకు తగిలేంత పైన. మంచి సీటు దొరకలేదని మొదట బాధపడ్డాను గాని, అన్న చెప్పిన ఆ నలుగురూ అంత స్పష్టంగా కనబడేది అక్కడినుంచే. టీవీ బంతినే చూపిస్తుంది, పైవరస అందరినీ చూపిస్తుంది. మా అమ్మమ్మగారి ఊళ్ళో రామాలయం అరుగుమీదినుంచి చూసిన కోలాటం గుర్తొచ్చింది. లోపలివాడు బయటికి, బయటివాడు లోపలికి, ఎవరూ ఎవరినీ చూడకుండానే ఎవరికీ తగలకుండా. ఆ రోజు ఇల్లినాయ్ సునాయాసంగా గెలిచింది. రెండు నెలల తరవాత ఇదే ఒహాయో స్టేట్ ఏం చేయబోతోందో ఆ గిన్నెలో ఎవరికీ తెలియదు.

ఆ టీషర్టులో దిగిన ఫొటోను ఈమెయిల్‌లో పంపితే తమ్ముడు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి అమ్మకు చూపించాడు. ఫోనులో అమ్మ మొదటి ప్రశ్న, "ఆంజనేయస్వామి దీక్ష తీసుకున్నావేంట్రా? అక్కడ మాల ఎవరు వేశారు?" అని.

తరవాతి వారాలు గెలుపుల వరసే కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. రెండు మాత్రం మరిచిపోలేను. జనవరి 20న అయోవాతో సొంతగడ్డ మీదే స్కోరు సమమై ఓవర్‌టైమ్, అంటే అదనపు సమయం, దాకా వెళ్ళి చెమటలు పట్టించుకున్నారు. ఐదు రోజులకే విస్కాన్సిన్ వాళ్ళ ఊరికి వెళ్ళి, ఆ జట్టు తన కోర్టులో వరసగా గెలుస్తూ వచ్చిన 38 ఆటల పరంపరను తెంచేశారు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై అని లెక్క పెరిగేకొద్దీ ఊరి ప్రవర్తనే మారింది. బస్సు డ్రైవర్లు, కూరగాయల కొట్టులో బిల్లు కొట్టే ముసలావిడ, గంభీరంగా కనిపించే మా ప్రొఫెసరు, అందరూ వారంలో ఒకరోజు నారింజ రంగులో కనబడేవారు. కొత్తగా వచ్చిన విదేశీ విద్యార్థితో మాట కలపడానికి మొహమాటపడే ఆ ఊళ్ళో నాకు మాటలు దొరికింది ఈ లెక్క వల్లే. "నిన్న చూశావా?" అంటే చాలు, ఆ తరవాత నా ఇంగ్లిషు యాస ఎవరూ పట్టించుకునేవారు కాదు.

లెక్క 29 దగ్గర ఆగింది. మార్చి 6, ఆదివారం, కొలంబస్‌లో ఒహాయో స్టేట్‌తో లీగులో ఆఖరి ఆట. చివరి క్షణాల్లో మాట్ సిల్వెస్టర్ అనే ఆటగాడు వేసిన మూడు పాయింట్ల షాటుతో 65-64. మా గదిలో పప్పుచారు పొంగి స్టవ్ మీద పడుతున్నా ఎవరూ లేవలేదు. సీజన్‌లో ఒక్క ఆట కూడా ఓడకుండా ముగించే అవకాశం అలా ఒక పాయింటు తేడాతో పోయింది. ఇదే మంచిదయిందని, నెత్తిమీది బరువు దిగిందని ఊళ్ళో కొందరన్నారు. అవి ఓడినవాళ్ళు చెప్పుకునే మాటలని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఆ వారంలోనే షికాగోలో మా జట్టు ఆడే బిగ్ టెన్ లీగు టోర్నమెంటు. కొడుకు జట్టు ఆట చూడడానికి వచ్చిన వెబర్ తల్లి అక్కడే హఠాత్తుగా అనారోగ్యం పాలై మార్చి 11న కన్నుమూశారు. ఆ మరునాడు ఆయన మళ్ళీ బెంచి దగ్గర నిలబడ్డారు. మన ఇళ్ళలో అయితే పదకొండు రోజులు గడప దాటనివ్వరు కదా అని నేనంటే, "ఆ పిలగాండ్లు గూడ ఇంటోళ్ళే గద" అన్నాడు అన్న. జట్టు ఆ టోర్నమెంటు గెలిచింది.

ఇక జాతీయ టోర్నమెంటు. ఒక్కసారి ఓడితే ఇంటికే. మొదటి మూడు ఆటలూ పెద్దగా కంగారు పెట్టకుండానే గడిచాయి. పాత కోచ్ వెళ్ళిన కాన్సస్ జట్టు మొదటి రౌండులోనే బక్‌నెల్ అనే చిన్న కాలేజీ చేతిలో ఓడినప్పుడు మా ఊళ్ళో కొందరు పండగ చేసుకున్నారని మాత్రం ఒప్పుకోవాలి.

మార్చి 26 సాయంత్రం, షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో ఆరిజోనాతో ఆట. గెలిస్తే ఫైనల్ ఫోర్, అంటే ఆఖరి నాలుగు జట్లలో చోటు. పదహారేళ్ళుగా, అంటే 1989 తరవాత, ఆ మెట్టు ఎక్కని కాలేజీ ఇది. మా గదిలో ఆ రోజు పద్నాలుగు మంది. యాంటెన్నా కదిలితే బొమ్మ పోతుందని కిటికీ దగ్గర ఒకణ్ణి నిలబెట్టాం. ఆటలో ఇంకా నాలుగు నిమిషాలుండగా స్కోరు 75-60, ఆరిజోనా పదిహేను పాయింట్ల ముందంజలో ఉంది. గదిలో ఒకడు లేచి చెప్పులు వేసుకున్నాడు. ఒక్క నిమిషం మిగిలేసరికి కూడా తేడా ఎనిమిది. చెప్పులు వేసుకున్నవాడు గుమ్మంలోనే ఆగిపోయి, ఆ తరవాత అతను కదిలితే దృష్టి తగులుతుందని మేమే కదలనివ్వలేదు.

ఆ నాలుగు నిమిషాలను నేను ఎన్నిసార్లు తిరగవేసి చూశానో లెక్కలేదు. బంతి లేని మనుషుల కథ అంతా అందులోనే ఉంది. ముగ్గురు గార్డులూ పూర్తి కోర్టు మీద ఎదుటివాళ్ళకు ఊపిరాడనివ్వలేదు. ఆరిజోనావాళ్ళు బంతిని లోపలికి వేయాలంటేనే వణికే స్థితి వచ్చింది. లూథర్ హెడ్ బంతి దొంగిలించాడు, డీ బ్రౌన్ పరుగెత్తి వేశాడు. బెంచి మీదినుంచి వచ్చిన జాక్ ఇంగ్రమ్ పొడవాటి చెయ్యి చాచి, తనది కాని బంతిని వేళ్ళ కొసలతో తట్టి మనవాళ్ళకు దక్కేలా చేశాడు. ఆ బంతి చివరికి డెరాన్ చేతికి వచ్చింది. సుమారు 38 సెకన్లు మిగిలి ఉండగా అతను మూడు పాయింట్ల గీత అవతలినుంచి వేస్తే 80-80. కిటికీ దగ్గరివాడు ఎగిరి గంతేయడంతో బొమ్మ పోయింది. ఓవర్‌టైమ్ మొదటి నిమిషం మేం చూసింది తెల్లటి చుక్కలు, విన్నది వ్యాఖ్యాతల గొంతు మాత్రమే. చివరికి 90-89. ఆరిజోనావాళ్ళ ఆఖరి షాటు లోపల పడకపోవడం మాత్రం కళ్ళారా చూశాం. డెరాన్ 22 పాయింట్లు చేశాడు, పాయింట్లు తెచ్చిన బంతులు పది ఇతరులకు అందించాడు. ఈ రెండో అంకెనే అన్న నాలుగుసార్లు గట్టిగా చదివాడు.

బయటికి పరుగెత్తాం. గ్రీన్ స్ట్రీట్ నిండిపోయింది. చలిలో చొక్కాలు విప్పి గాలిలో తిప్పేవాళ్ళు, సిగ్నల్ స్తంభాలు ఎక్కినవాళ్ళు, ఎవరో తెలియకుండానే కౌగిలించుకునేవాళ్ళు. ఎవరో అమ్మాయి నా బుగ్గకు నారింజ రంగు పులిమి వెళ్ళిపోయింది. ఆ ఊరికి వెళ్ళాక ఏడు నెలల్లో నన్ను చేయి పట్టుకుని గుంపులోకి లాగిన మొదటిరోజు అదే.

ఏప్రిల్ 2న సెయింట్ లూయిస్‌లో లూయివిల్‌ను 72-57తో ఓడించిన ఆటలో ఒకే ఒక దృశ్యం చెబుతాను. రోజర్ పొవెల్ దూరంనుంచి మూడు పాయింట్ల కోసం వేశాడు. బంతి చేయి దాటగానే, అది పడదని తెలిసినట్టు, ఆగకుండా రింగు మీదికి పరుగెత్తాడు. రింగును తాకి బయటికి దూకిన తన బంతిని తానే గాలిలో అందుకుని రెండు చేతులతో లోపలికి కొట్టాడు. వేసినవాడు నిలబడి చూస్తాడని ఎదుటివాళ్ళు అనుకున్నారు.

ఏప్రిల్ 4, సోమవారం రాత్రి, ఫైనల్. ఎదుట నార్త్ కెరొలైనా, అంటే ఆ బదిలీల గొలుసుకు ఒక కొసన రాయ్ విలియమ్స్, రెండో కొసన మా వెబర్. సగం ఆటకు 27-40తో వెనకబడ్డాం. వాళ్ళ షాన్ మే కొండలాంటి మనిషి, ఆ రాత్రి అతను 26 పాయింట్లు చేశాడు. అతన్ని ఆపబోయి అగస్టీన్ ఐదు ఫౌళ్ళతో బయటికి వెళ్ళిపోయాడు. లోపల దారి మూసుకుపోతే మావాళ్ళు బయటినుంచే వేశారు. మూడు పాయింట్ల షాట్లు నలభై వేస్తే పన్నెండు పడ్డాయి. అయినా చివరికొచ్చేసరికి 70-70. అక్కడినుంచి మావాళ్ళకు మళ్ళీ ఒక్క పాయింటు రాలేదు. గురి తప్పిన బంతిని నార్త్ కెరొలైనా ఆటగాడు మార్విన్ విలియమ్స్ మునివేళ్ళతో లోపలికి తోశాడు. లూథర్ హెడ్ సమం చేయడానికి వేసిన షాటు రింగు తగిలి బయటికొచ్చింది. 75-70. ఏడాదికి 37 గెలుపులు అప్పటిదాకా ఉన్న జాతీయ రికార్డుతో సమానం. రెండే ఓటములు, అందులో రెండోది ఇది. అన్న టీవీ కట్టేసి, అంట్లు తోమడానికి వంటగదిలోకి వెళ్ళాడు. ఆ రోజు వంతు అతనిది కాదు.

రాత్రి పదిన్నర దాటింది. అప్పటికి విశాఖలో ఏప్రిల్ 5 ఉదయం తొమ్మిది. మధురవాడ దగ్గర కొత్త స్టేడియంలో మొట్టమొదటి అంతర్జాతీయ వన్‌డే, అదీ పాకిస్తాన్‌తో. తమ్ముడికి టికెట్ దొరికింది. ఏడుపు ముఖాలతో నలుగురం కంప్యూటర్ ముందు చేరి క్రిక్‌ఇన్ఫో పేజీని అరనిమిషానికోసారి రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాం. సచిన్ రెండు పరుగులకే రనౌట్. ఈ రాత్రి ఇంతే అనుకున్నాం. మూడో స్థానంలో ఎవరో జులపాల జుట్టు వికెట్‌కీపర్‌ను పంపారు. పేరు ధోని. ఆ తరవాత పేజీ తెరిచిన ప్రతిసారీ అంకె మారుతూ వచ్చింది. అతను 148 దాకా వెళ్ళబోతున్నాడని ఇంకా తెలియదు గాని, వంద దాటేసరికి నాకు ఆగలేదు. ఐదు డాలర్ల ఫోన్ కార్డు గీకి తమ్ముడి సెల్‌కు కలిపాను. మొదట సముద్రపు హోరులాంటి అరుపులు, వాటి మధ్య వాడి గొంతు.

"అన్నయ్యా! కొట్టాడు! మళ్ళీ కొట్టాడు! కనబడుతోందా నీకు?"

"స్కోరు కనబడుతోందిరా. నువ్వెక్కడ కూర్చున్నావు? పైనా?"

"బాగా పైన. బంతి కూడా సరిగ్గా కనబడట్లేదు."

"బంతి వదిలేయ్. అవతలి ఎండ్‌లో ఉన్నవాడు ఏం చేస్తున్నాడో చెప్పు."

"ఎవడు? బ్యాటింగ్ చెయ్యనివాడా?" వాడు ఒక్క క్షణం ఆగాడు. "పిచ్చా నీకు?"

అంట్లు తోమడం ఆపి వంటగది గుమ్మంలో నిలబడ్డ అన్న, తడిచేతులతోనే ఫోను నా దగ్గర లాక్కుని, "తమ్మీ, ఆయన అడిగింది జెప్పు" అన్నాడు.